నాట్ల పాటకు ఒక కాగితం

(హనుమకొండలో జానపద కళాకారుల సమావేశంలో ఒక రికార్డింగ్ స్టూడియో నిర్వాహకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో డప్పులు ఒళ్ళో పెట్టుకుని కూచున్న తమ్ముళ్ళకు, ములుగు దిక్కు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన అక్కలకు పేరుపేరునా నమస్కారం. నేను ఎప్పుడూ మైకుకు అవతల, హెడ్‌ఫోన్ పెట్టుకుని కూచునే మనిషిని. ఈ ఊర్లో ఇరవై రెండేళ్ళుగా చిన్న స్టూడియో నడుపుతున్నాను. క్యాసెట్ల చివరి రోజుల్లో మొదలుపెట్టాను. సీడీలు వచ్చాయి, పోయాయి. ఇప్పుడంతా యూట్యూబ్.

మన పాటకు, మన వీడియో పాటకు ప్రభుత్వం ఎట్లా సాయం చెయ్యాలో మాట్లాడమన్నారు. ముందు ఒక అక్క సంగతి చెప్తాను. నేను అడగదలచుకున్నదంతా అందులోనే ఉంది.

ఆరేళ్ళ కింద, నాట్లు అయిపోవచ్చిన రోజులు. ఒక ఛానల్ వాళ్ళు నర్సంపేట దిక్కు నుంచి ఒక అక్కను నా స్టూడియోకు తీసుకొచ్చారు. యాభై దాటిన మనిషి. గోళ్ళ సందుల్లో ఇంకా బురద ఉంది. ఫ్యాన్ బంద్ చేసి, తలుపు వేసి, మైకు ముందు నిలబెట్టాను. పాట రాలేదు. రెండు చరణాలు ఎత్తుకుంటుంది, ఊపిరి అందక ఆపుతుంది. నాలుగుసార్లు అట్లాగే అయింది. చివరికి ఆమే అడిగింది, "బిడ్డా, జర ఒంగి పాడనా?" అని. మైకు స్టాండు మోకాలి ఎత్తుకు దించాను. చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి, నడుం వంచి, ఎడమ చేతిలో నారుముడి ఉన్నట్టే పట్టుకుని, కుడి చెయ్యి నేల మీద ఆడిస్తూ ఎత్తుకుంది. అప్పుడు వచ్చింది గొంతు! ముప్పై నలభై ఏళ్ళు వంగి పాడిన పాట అది, నిలబడితే ఎట్లా వస్తుంది?

మళ్ళీ ఒకచోట ఆగింది. వంత లేదు. మడిలో వరుసగా మునుం పట్టి నాటేటప్పుడు ఒకరు అంటే పదిమంది అందుకుంటారు. ఒక్కతే ఎట్లా పాడుతుంది? కింద చాయ్ హోటల్ నడిపే అక్కను, మా ఇంటామెను పిలిచి వంతకు నిలబెట్టాను. ఆ పాట నెమ్మదిగా మొదలవుతుంది. గట్టు దగ్గరపడే కొద్దీ వేగం పెరుగుతుంది, ఎందుకంటే గట్టు చేరితే నడుం ఎత్తొచ్చు. ఆ వేగంలోనే వాళ్ళ సంతోషం ఉంది. పదకొండు నిమిషాల పాట.

ఛానల్ వాళ్ళకు నాలుగున్నర నిమిషాలు కావాలి. డీజేలో కొట్టడానికి మొదటి నుంచి చివరిదాకా ఒకటే టెంపో కావాలి. నేనే కోశాను. కోసి, సాగదీసి, గొంతును మిషనుతో సరిచేసే ఆటోట్యూన్ వేసి ఇచ్చాను. ఆ తప్పు నాది, అందుకే మీ ముందు ఒప్పుకుంటున్నాను. అక్కకు మూడు వేల రూపాయలు, ఒక చీర ఇచ్చారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద వేలిముద్ర తీసుకున్నారు. సాక్షి సంతకం నాది. కాగితం ఇంగ్లీషులో ఉంది. సర్వ హక్కులు, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా రాసిచ్చినట్టు అందులో ఉందని నాకు తెలుసు. ఆమెకు తెలియదు.

ఆ పాటను కోటి సార్లకు పైగా చూశారు. రెండేళ్ళ తరవాత ఆ అక్క మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఊర్లో పెళ్ళిలో ఆమె పాడితే పిల్లోడు ఫోన్లో తీసి తన ఛానల్లో పెట్టుకున్నాడు. కాపీరైట్ అని క్లెయిమ్ పడింది. ఆమె తన గొంతుతో, తన నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పాట పాడినందుకు! "నా పాట నేను పాడుకుంటే తప్పెట్లయితది బిడ్డా?" అని అడిగింది. ఆ రోజు ఆమెకు నేనేం జవాబు చెప్పలేకపోయాను.

చట్టం ఏమంటుందో ఆ తరవాతే చదివాను. నాకు అర్థమైనంత చెప్తాను, వకీలు సార్లు ఉంటే సరిదిద్దండి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012లో దానికి పెద్ద సవరణ జరిగింది. పాట రాసినవాళ్ళకు, బాణీ కట్టినవాళ్ళకు రాయల్టీలో సమాన వాటా హక్కు ఇచ్చారు. ఆ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ వదులుకోవడానికి వీల్లేదు. కాగితం రాయించుకున్నా ఆ మేరకు చెల్లదు. పాడినవాళ్ళకు, వాయించినవాళ్ళకు కూడా 50 ఏళ్ళ హక్కు ఉంది. తరతరాల నుంచి వస్తున్న పాటైతే దానికి ఓనరంటూ ఎవరూ ఉండరు, అది అందరిదీ. కానీ ఆ పాటతో చేసిన రికార్డింగుకు మాత్రం ఓనరుంటాడు. ఎవరు? నిర్మాత. నిర్మాత అంటే, దాన్ని చెయ్యడానికి పూనుకుని బాధ్యత తీసుకున్న మనిషి అని చట్టం చెప్తుంది. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బులో 55 శాతం ఇచ్చేది ఛానల్‌కు. పాడినవాళ్ళకు కాదు. కాపీ పట్టుకునే మిషను కూడా రికార్డింగు ఎవరి పేరున నమోదై ఉందో వాళ్ళ మాటే వింటుంది.

నేను ఇంతసేపు చెప్పింది ఈ ఒక్క ముక్క కోసమే. ప్రభుత్వం పైసలు పాటగత్తె చేతికి ముందే వస్తే, స్టూడియోకు ఆమే ఇచ్చుకుంటే, కెమెరా పిల్లోణ్ణి ఆమే మాట్లాడుకుంటే, నిర్మాత ఆమే అవుతుంది. రికార్డింగు ఆమెది, వీడియో ఆమెది. సన్మానం చేసి శాలువా కప్పితే ఆమె నిర్మాత కాదు.

ఇప్పుడు ప్రభుత్వ డబ్బు మన పాటకు అసలే రావడం లేదా అంటే, వస్తోంది. తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థ పెట్టి 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. ఉద్యమంలో ధూంధాం వేదికల మీద గొంతు చించుకున్న వాళ్ళ ఇళ్ళలో నెల జీతం మొదలైంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాణ్ణి కాదు, ఆ ఇళ్ళలో పొయ్యి వెలగడం నేను చూశాను. పేద వృద్ధ కళాకారులకు పింఛను ఉంది. ఇదే హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం లేచింది. 2014లో పునాదిరాయి వేస్తే 2024 నవంబరులో తలుపులు తెరిచారు. పదేళ్ళు పట్టినా, మంచి హాలు వచ్చింది.

కానీ చూడండి, జీతం తీసుకునే కళాకారుడు ఎక్కువగా పాడేది పథకాల పాట. చెరువుల పూడిక మీద, మొక్కల మీద, నల్లా నీళ్ళ మీద. అది ప్రభుత్వానికి అవసరం, కాదనను. మరి ఆ కళాకారుడు ఇంట్లో కూచుని రాసుకున్న సొంత పాట సంగతేంటి? పింఛను ముసలితనంలో వస్తుంది, పద్మశ్రీ ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఇరవై ఐదేళ్ళ వయసులో, మొదటి పాటకు, గొంతు పదునుగా ఉన్నప్పుడు ఇచ్చేవాళ్ళు ఎవరు?

ఆ వయసు పిల్లలు రోజూ నా దగ్గరికి వస్తారు. ఒక మోస్తరు జానపద వీడియోకు మా దిక్కు ఇప్పుడు లక్షన్నర దాటుతోంది. సంగీతం చేసేవాళ్ళకు, పాడేవాళ్ళకు, డ్యాన్స్ మాస్టర్‌కు, వెనకాల ఆడే పిల్లలకు, కెమెరాకు, డ్రోన్‌కు, ఎడిటింగ్‌కు, కలర్‌కు. యూనిట్ అందరికీ పొద్దున టిఫిను, మధ్యాహ్నం బిర్యానీ. పొద్దుగుంకే లోపల అయిపోవాలి, లేకుంటే ఇంకో రోజు కెమెరా కిరాయి మీద పడుతుంది, ఆ టెన్షన్ వేరే. ఇది పెట్టేది కంపెనీలు కాదు. ఆటో నడిపే పిల్లోడు, కరెంటు పని చేసుకునే తమ్ముడు, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న చెల్లె. చిట్టీ ఎత్తి పెడతారు. అమ్మ గొలుసు కుదువబెట్టిన వాళ్ళూ ఉన్నారు. పాట తయారయ్యాక సొంత ఛానల్లో పెడదామంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల చూపు ఉంటే తప్ప ప్రకటనల డబ్బు మొదలవదు. అందుకని ఏ పెద్ద ఛానల్‌కో ఇచ్చేస్తారు. "అన్నా, పైసలు రాకున్నా మంచిదే, పది మందికి తెలుస్తా" అంటారు. అప్పు పిల్లోడిది, ఆస్తి ఇంకొకరిది.

సినిమా పాటకు ఈ తిప్పలు లేవు. దానికి వెనక సినిమా ఉంది. చిట్యాల మండలం చల్లగరిగ నుంచి బయల్దేరిన చంద్రబోస్ గారు 2023లో ఆస్కార్ అందుకుంటే మన జిల్లా అంతా పండగ చేసుకున్నది. కంబాలపల్లి నుంచి వెళ్ళిన చక్రి బాణీలు మన పెళ్ళి బరాతుల్లో ఇప్పటికీ మోగుతున్నాయి. ఇద్దరూ హైదరాబాదు పోతేనే పేరొచ్చింది. ఇక్కడే ఉండి, ఇక్కడి పాటే పాడుతూ బతకాలనుకునే వాళ్ళ కోసం నేను అడుగుతున్నాను.

ఇది లోకంలో ఎక్కడా లేని కోరిక కాదు. న్యూజిలాండ్ అని క్రికెట్ చూసేవాళ్ళందరికీ తెలుసు. ఆ దేశం జనాభా సుమారు 50 లక్షలు. 2011 లెక్కల్లోనే మన తెలంగాణ మూడున్నర కోట్లు. వాళ్ళకు ఒక బాధ ఉండేది. ఇంగ్లీషు పాటంటే అమెరికా, ఇంగ్లండ్ నుంచి ఓడల కొద్దీ వచ్చి పడుతుంది. 1990ల నడుమ వాళ్ళ ప్రైవేటు రేడియోల్లో సొంత దేశపు పాట నూటికి రెండు కూడా వినపడేది కాదు. 1989లో చట్టం చేసి ఒక సంస్థ పెట్టారు, దాన్ని న్యూజిలాండ్ ఆన్ ఎయిర్ అంటారు. అది మ్యూజిక్ వీడియోలకు డబ్బివ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో ఒక్కో వీడియోకు ఇచ్చింది 5,000 డాలర్లు. పెద్ద మొత్తమేమీ కాదు, కెమెరా కిరాయికి, భోజనాలకు సరిపోయేంత. ఎవరికివ్వాలో మంత్రి చెప్పడు. రేడియో మనుషులు, పాటల రంగం మనుషులు కూచుని విని తేలుస్తారు. తరవాత రేడియో స్టేషన్లతో మాట్లాడి, నూటికి 20 పాటలు సొంతవి ఉండాలని ఒప్పందానికి వచ్చారు. ఆ లెక్క అందుకున్నారు కూడా. అక్కడి ఆదివాసులైన మావోరీల భాషకు 1993లో వేరే సంస్థ పెట్టి, ఆ భాషలో పాటకు, ప్రసారాలకు విడిగా డబ్బిస్తున్నారు.

అక్కడా అంతా సాఫీగా ఏమీ జరగలేదు. రేడియోలో మోత మోగే పాటలకే పైసలు పోతున్నాయి, కొత్త రకం పాట కట్టేవాళ్ళకు దక్కడం లేదని గొడవైంది. బయటి మనిషితో విచారణ చేయించి 2011లో పద్ధతి మార్చుకున్నారు. ఈ సంగతే నాకు ఎక్కువ నచ్చింది. తప్పు జరుగుతుందని మొదలుపెట్టకుండా కూచోలేదు, మొదలుపెట్టి దిద్దుకున్నారు.

మన దగ్గర ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి పెడితే నడవదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, ఇంగ్లీషులో ప్రాజెక్టు రిపోర్టు, మూడేళ్ళ ఆడిట్ లెక్కలు అంటే నర్సంపేట అక్క ఆ గేటు దాటదు. దాటేది దరఖాస్తులు రాయడంలో ఆరితేరిన వాళ్ళే. ఒగ్గు కథ చెప్పే కుర్మ సోదరుడు, జమిడిక కొట్టే బైండ్ల పెద్దమనిషి, కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు, వీళ్ళలో చాలామంది కథంతా కంఠం మీద ఉంచుకున్నవాళ్ళు. రాత వాళ్ళ పని కాదు. అందుకే వాళ్ళ దరఖాస్తు వాళ్ళ గొంతే కావాలి. ఫోన్లో రెండు నిమిషాలు పాడి వాట్సాప్‌లో పంపితే చాలు. మిగతా కాగితాలు మండల స్థాయిలో ఎవరైనా నింపాలి. విని ఎవరికివ్వాలో తేల్చేవాళ్ళలో కనీసం సగం మంది పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు ఉండాలి. వాళ్ళ పేర్లు బయట గోడ మీద అంటించాలి. ఎవరికి ఎంత ఇచ్చారో, ఎవరికి ఎందుకు ఇవ్వలేదో అదే గోడ మీద ఉండాలి. మనవాడు అని ఇవ్వడం, మా పార్టీ పాట పాడలేదని ఆపడం మన దగ్గర లేని రోగాలు కావు.

డబ్బు ఎక్కడిది అంటారు. సాంస్కృతిక శాఖ ఉత్సవాలకు పెట్టే ఖర్చులో కొంత తీసినా మొదలవుతుంది. ఒక్క రాత్రి వేదిక, లైట్లు, పటాకులకు అయ్యే ఖర్చుతో ఎన్ని పాటలు రికార్డవుతాయో నా స్టూడియో బిల్లులు పట్టుకొచ్చి లెక్క చూపిస్తాను. ఇంకో దారి ఉంది. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. ఆ పనుల జాబితాలో సంప్రదాయ కళలను కాపాడటం కూడా ఉంది. సింగరేణి మన గడ్డ మీదే బొగ్గు తవ్వుతోంది. భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, ఆ బావుల చుట్టూ ఎన్ని పాటలు పుట్టాయో! కార్మిక కాలనీల్లో నెలకు నాలుగు పాటలు రికార్డు చేసే గది ఒకటి పెట్టడం సింగరేణికి భారం కాదు.

గది అంటే గుర్తొచ్చింది. కాళోజీ కళాక్షేత్రంలో ఒక గది ఇవ్వండి. గోడలకు చప్పుడు పీల్చుకునే మెత్త వేయించి, రెండు మంచి మైకులు, ఒక ఇంజనీరును పెట్టండి. వారానికి రెండు రోజులు జానపదులకు ఉచితం అనండి. ఆ ఇంజనీరుకు పని నేర్పడానికి నేను వస్తాను, పైసా అడగను. మైకు స్టాండు మాత్రం మోకాలి దాకా దిగేది కొనండి.

చప్పుడు నాణ్యత గురించి కూడా ఒక మాట. ఒగ్గు డోలు, రుంజ, కొమ్ము, కిన్నెర ఇప్పుడు చాలా పాటల్లో కీబోర్డు మీద వస్తున్నాయి. రుంజ గుర్ర్‌మని నేల కదిలిస్తుంది. దాన్ని కీబోర్డులో నొక్కితే రేకు డబ్బా మోగినట్టుంటుంది. కళాకారుణ్ణి పిలిస్తే బస్సు చార్జీ, భోజనం, రోజు కూలి ఇవ్వాలి కాబట్టి పిలవడం లేదు. సాయం తీసుకున్న ప్రతి పాటలో ఒక్క వాయిద్యమైనా మనిషి వాయించాలని షరతు పెడితే, ఒక్కో పాట ఒక్కో ఇంట్లో పొయ్యి వెలిగిస్తుంది. పరిశోధకులు జయధీర్ తిరుమలరావు గారు, గూడూరు మనోజ గారు ఊరూరూ తిరిగి అంతరించిపోయే వాయిద్యాలను పోగుచేశారు. అవి అద్దాల వెనక ఉండటం మంచిదే, మైకు ముందుకు కూడా రావాలి.

ఇక పాట చేసినంత మాత్రాన అయిపోదు, వినపడాలి. యూట్యూబ్‌లో బూస్ట్ పెట్టడానికి, అంటే పైసలు కట్టి పాటను ఎక్కువమందికి చూపించడానికి, డబ్బులివ్వమని నేను అడగను. ఆ పైసలు ఎక్కడికో పోతాయి. ప్రభుత్వం చేతిలోనే దారులున్నాయి. ఆర్టీసీ బస్టాండ్లున్నాయి. మన వరంగల్ ఆకాశవాణి ఉంది, రాష్ట్ర ప్రభుత్వ ఛానల్ టీశాట్ ఉంది. మేడారం జాతర ఉంది. రెండేళ్ళకోసారి అన్ని లక్షల మంది ఒకచోట చేరితే, దారి పొడుగునా స్పీకర్లలో మోగేది ఎవరు పెట్టిన పాట? చిలకలగుట్ట నుంచి సమ్మక్క వచ్చే తావులో కోయ గొంతు వినపడాలి కదా. మణుగూరు దిక్కు కోయ డోలు పెద్దలు వాళ్ళ ఇలవేల్పుల కథను రాత్రంతా పాడగలరు.

సకిని రామచంద్రయ్య గారు అట్లాంటి పెద్దమనిషి. సమ్మక్క సారలమ్మల చరిత్రను కోయ భాషలో, తెలుగులో పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో పోయారు. నా స్టూడియో నుంచి వాళ్ళ దిక్కుకు ఒక్కరోజు ప్రయాణం. ఇరవై రెండేళ్ళలో నేను ఒక్కసారి కూడా మైకు పట్టుకుని పోలేదు. నా దగ్గర ఆయన గొంతు ఒక్క నిమిషం కూడా లేదు. ఆ రోజు పేపర్లో ఆయన ఫొటో చూసి చాలాసేపు అట్లాగే కూచుండిపోయాను.

మన దేవనూరు బిడ్డ బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధన చేసి 1956లో ఉస్మానియా నుంచి డాక్టరేటు తీసుకున్నారు. అప్పుడు ఇట్లాంటి పరికరాలు లేవు, విని రాసుకోవాల్సిందే. ఇప్పుడు మన ఊర్లోనే తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. సాయం తీసుకున్న ప్రతి పాటకూ, కత్తిరించని, ఆటోట్యూన్ వేయని అసలు రికార్డు ఒకటి అక్కడ దాచాలి. పదకొండు నిమిషాలుంటే పదకొండూ దాచాలి. వీడియో కోసం ఎంత కోసుకున్నా పర్వాలేదు. నర్సంపేట అక్క పాట పూర్తి రికార్డు నా పాత హార్డ్ డిస్కులో ఉండేది. డిస్క్ పాడైంది. ఆమె ఇంకా నాట్లకు పోతోంది, గొంతు ఇంకా ఉంది. వచ్చే వానాకాలం మడి గట్టు మీదికే మైకు తీసుకుపోతానని మాటిచ్చాను.

షూటింగ్ పర్మిషన్ల సంగతి కూడా అధికారులు వింటున్నారు కాబట్టి చెప్తాను. ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి, రామప్ప కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. అనుమతి కావాలి, ఫీజు కట్టాలి. అది న్యాయమే, కట్టడాలు కాపాడుకోవాలి. మన పిల్లలకు ఎవరిని అడగాలో తెలియదు, అంతే. కలెక్టరేట్‌లో ఒక మనిషిని పెట్టి దారి చూపిస్తే చాలు.

ఇప్పుడు కాగితం. మా వకీలు మిత్రునితో కూచుని, తెలుగులో, రెండు పేజీల్లో ఒక ఒప్పందం రాయించాను. పాట ఎవరు రాశారు, బాణీ ఎవరిది, ఎవరు పాడారు, ఎవరు వాయించారు, ఎవరు ఎంత డబ్బు పెట్టారు, ఛానల్‌కు ఎన్నేళ్ళకు ఇస్తున్నారు, వచ్చే దాంట్లో ఎవరికి ఎంత. శాశ్వతంగా అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఐదేళ్ళు అని ఉంది, ఆ తరవాత పాట ఇంటికి వస్తుంది. నా స్టూడియోలో ఈ కాగితం మీద సంతకాలు కాకుండా ఇక నుంచి రికార్డింగ్ చెయ్యను. ఈ నెలలో ఇద్దరు వెనక్కి పోయారు, పోనివ్వండి. మిగతా స్టూడియోల అన్నలు కూడా ఇదే మాట మీద నిలబడితే ఛానళ్ళు ఒప్పుకుంటాయి.

రెండు వందల కాపీలు తెచ్చాను, తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి. ఇంటికి తీసుకుపోండి, చదువుకున్న పిల్లలతో చదివించుకోండి. చదివేవాళ్ళు లేకుంటే నేను ఇక్కడే, ఆ బల్ల దగ్గరే, రాత్రి ఎనిమిది దాకా ఉంటాను. ఒక్కో లైను చదివి వినిపిస్తాను. ములుగు అక్కలు ముందు రండి, మీకు ఆఖరు బస్సు ఉంది.